ఒక్క యూనిట్ కరెంటుతో ఒక రాత్రి

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే మన బడి వరండాలో తల్లిదండ్రుల కబుర్లన్నీ ఒకటే: "ఈసారి ఎక్కడికి?" ఇండియా నుంచి అమ్మమ్మలూ తాతయ్యలూ వచ్చి ఉంటారు. వాళ్ళకి యోసెమిటీ చూపించాలి. ఫ్రీమాంట్ నుంచి నాలుగ్గంటలు కారులో కూర్చోబెట్టి, రాత్రికి టెంటులో నేలమీద పడుకోమంటే మోకాళ్ళు ఒప్పుకోవు. లోయలో హోటలు గది దొరకదు, దొరికినా ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. అందుకని ఓ ఆర్వీ అద్దెకు తీసుకుంటారు. మంచం ఉంటుంది, బాత్రూం ఉంటుంది, వంటగట్టు ఉంటుంది, చలివేస్తే హీటరు ఉంటుంది. చక్రాల మీద ఇల్లు!

మరి ఆ ఇంటికి కరెంటు ఎక్కడ్నించి వస్తుంది? బయల్దేరే ముందు ఈ ప్రశ్న అడిగేవాళ్ళు చాలా తక్కువ. చీకటి పడ్డాక మైక్రోవేవ్ తలుపు తెరిచి, గిన్నె పెట్టి, మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేనప్పుడు అందరూ అడుగుతారు. అందుకే మన బడి కుటుంబాల్లో క్యాంపింగ్ అలవాటున్న కొందరం కలిసి ఈ వ్యాసం రాస్తున్నాం. పిల్లలూ, ఇందులో కూడికలు, గుణింతాలు ఉన్నాయి. పెద్దవాళ్ళు లెక్క తప్పితే మీరే దిద్దాలి.

కొన్ని క్యాంపు స్థలాల్లో ప్రతి ఆర్వీ పక్కనా ఓ స్తంభం ఉంటుంది. దానికి కరెంటు ప్లగ్గు, దగ్గర్లోనే నీళ్ళ కుళాయి, మురుగునీటి గొట్టం ఉంటాయి. ఈ మూడింటినీ కలిపి హుకప్‌లు అంటారు. మన ఊళ్ళోనే, కయోటీ హిల్స్ పక్కన పాత రాతి క్వారీ ఉన్న చోట, డంబార్టన్ క్వారీ క్యాంప్‌గ్రౌండ్ 2021లో తెరిచారు. అక్కడ ఆర్వీలకి ఈ సదుపాయాలన్నీ ఉన్నాయి. లివర్‌మోర్ గుడికి వెళ్ళే మనందరికీ తెలిసిన దారిలోనే ఇంకాస్త ముందుకెళితే డెల్ వాలే సరస్సు వస్తుంది. అక్కడ కొన్ని స్థలాల్లో నీళ్ళూ మురుగు గొట్టమూ ఉన్నాయి గానీ కరెంటు లేదు. ఇక యోసెమిటీ లోయలో ఉన్న అప్పర్ పైన్స్, లోయర్ పైన్స్, నార్త్ పైన్స్ మూడింటిలోనూ హుకప్ అన్నదే లేదు. ఎంత డబ్బిచ్చినా లేదు. మనతో తీసుకెళ్ళిన బ్యాటరీయే అక్కడ దిక్కు.

ఇది మనకి కొత్త సంగతేమీ కాదు. ఆంధ్రాలో, తెలంగాణాలో కరెంటు కోతల కాలం చూసినవాళ్ళందరికీ ఇంట్లో ఇన్వర్టరు గుర్తుండే ఉంటుంది. ఓ మూల నల్లటి పెద్ద బ్యాటరీ, నెలకోసారి అందులో పోసే డిస్టిల్డ్ వాటర్, కరెంటు పోగానే "ఇన్వర్టరు మీద ఉన్నాం, గ్రైండరు ఆపండి" అని ఇంటి పెద్దల కేకలు. రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు దాని మీద నడుస్తాయి, గీజరు నడవదు అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆర్వీలో జరిగేది అచ్చంగా అదే. తేడా ఒక్కటే. ఇంట్లో నాలుగ్గంటలకో ఆరు గంటలకో కరెంటు తిరిగొస్తుంది, యోసెమిటీలో రాదు.

అన్నట్టు, బ్యాటరీకీ తెలుగువాళ్ళకీ చుట్టరికం లేకపోలేదు. అమెరికాలో ఉద్యోగం చేసి తిరిగి వెళ్ళిన గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా కంపెనీ, తిరుపతి దగ్గర కరకంబాడిలో బ్యాటరీలు తయారుచేస్తూ దేశంలోని పెద్ద కంపెనీల్లో ఒకటయింది. మన ఫ్రీమాంట్‌లో 2010 దాకా నూమీ కార్లు తయారైన ఫ్యాక్టరీలో ఇప్పుడు బ్యాటరీతో నడిచే టెస్లా కార్లు తయారవుతున్నాయి. ఈ బడి తల్లిదండ్రుల్లో బ్యాటరీల మీద, సోలార్ మీద పనిచేసేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు ఈ వ్యాసంలో తప్పులు వెదక్కుండా ఉంటారని ఆశ!

బ్యాటరీలో ఉన్నదెంత?

మామూలుగా అద్దె ఆర్వీలో రెండు రకాల బ్యాటరీలుంటాయి. ఒకటి ఇంజను స్టార్ట్ చేయడానికి. దాని జోలికి మనం పోకూడదు. రెండోది ఇంటి బ్యాటరీ. లైట్లు, నీళ్ళ పంపు, హీటరు ఫ్యాను, గ్యాసు కనిపెట్టే అలారం ఇవన్నీ దాని మీద 12 వోల్టులతో నడుస్తాయి. మైక్రోవేవ్, ఏసీ, గోడ ప్లగ్గులు ఇంట్లో లాగా 120 వోల్టులవి. స్తంభానికి తగిలించినప్పుడో, జనరేటర్ నడిచినప్పుడో మాత్రమే అవి పనిచేస్తాయి. కొన్ని ఆర్వీల్లో ఇన్వర్టరు కూడా ఉంటుంది. అది ఉంటే బ్యాటరీ నుంచే 120 వోల్టులు తెచ్చిపెడుతుంది, కాస్త కమీషన్ తీసుకుని.

బ్యాటరీ మీద ఆంపియర్-అవర్లు అని రాసి ఉంటుంది. 80 అని ఉంటే, 1 ఆంపియర్ చొప్పున 80 గంటలు, లేదా 4 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇస్తుందని స్థూలంగా అర్థం. అలాంటివి రెండు పక్కపక్కన కలిపితే 160. పాతకాలపు సీసం-ఆమ్లం బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవాలి. ఈ రకాన్ని 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. ఇప్పటికీ అద్దె ఆర్వీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. దీన్ని మాటిమాటికీ అడుగంటా వాడితే లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడి, బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. కాబట్టి 160లో మనది 80.

ఇప్పుడు గుణింతం. 80 ఆంపియర్-అవర్లని 12 వోల్టులతో గుణిస్తే 960 వాట్-అవర్లు. ఇండియాలో కరెంటు బిల్లు మీద "యూనిట్లు" అని ఉంటుందే, ఒక యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు. అంటే మన ఆర్వీ ఇల్లంతా ఒక రాత్రి నడవాల్సింది దాదాపు ఒక్క యూనిట్ కరెంటు మీద! తాతయ్యగారికి ఈ మాట చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. ఆంపియర్ల గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా అంత తేలిగ్గా అర్థం కాదు.

ఒక్క యూనిట్‌తో ఏమేం చేయొచ్చో చూద్దాం. 500 వాట్ల రైస్ కుక్కర్ అరగంట పెడితే 250 వాట్-అవర్లు, అంటే పావు యూనిట్ అన్నంలోకే పోయింది. ఇన్వర్టరు కమీషన్ దానికి అదనం. టీ కోసం ఎలక్ట్రిక్ కెటిల్, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్, మైక్రోవేవ్ ఇవన్నీ ఇదే తెగ. మరి మిక్సీ? చప్పుడు చూసి దాన్నే అందరూ అనుమానిస్తారు గానీ పాపం అది నిర్దోషి. 550 వాట్ల మిక్సీ మూడు నిమిషాలు తిప్పితే 28 వాట్-అవర్లు కూడా కాదు. కొబ్బరి పచ్చడి కావాలంటే నిరభ్యంతరంగా చేసుకోండి, ఇన్వర్టరు ఆ బరువు మోయగలిగినదైతే. వేడి పుట్టించే వస్తువు బ్యాటరీని మింగేస్తుంది, కాసేపు తిరిగి ఆగే వస్తువు పెద్దగా తినదు. అందుకే అన్నం గ్యాసు పొయ్యి మీద ప్రెషర్ కుక్కర్‌లో వండండి. దాని విజిల్‌కి బ్యాటరీతో పనిలేదు. ఉప్మాకి అంతకన్నా లేదు.

రాత్రి లెక్క

పగలు ఎలాగో గడిచిపోతుంది. ఆర్వీలో బ్యాటరీ కష్టమంతా రాత్రిదే, అదీ చలికాలపు రాత్రిది. యోసెమిటీ లోయ 4000 అడుగుల ఎత్తులో ఉంది. అక్టోబరులో తెల్లవారుజామున ఎముకలు కొరికే చలి. హీటరు గ్యాసుతో మండుతుంది కదా, దానికి బ్యాటరీ ఎందుకూ అనుకుంటాం. ఆ వేడిని గదిలోకి తోసే ఫ్యాను మాత్రం 12 వోల్టులది. 7, 8 ఆంపియర్లు లాగుతుంది. పైగా బ్యాటరీ బాగా దిగిపోతే ఫ్యాను నెమ్మదిస్తుంది. గాలి సరిపడా వీయడం లేదని లోపలి మీట గమనించి, మంటనే వెలగనివ్వదు. సిలిండరు నిండా గ్యాసున్నా తెల్లవారుజామున మూడింటికి ఇల్లంతా మంచుగడ్డ. పిల్లలకి ఇంకో దుప్పటి కప్పితే సరిపోతుంది గానీ డెబ్భై ఏళ్ళు దాటిన వాళ్ళకి అది చిన్న విషయం కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకి రాత్రంతా సీప్యాప్ మెషిన్ పెట్టుకునే పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఎక్కువవుతున్నారు. "రెండు రాత్రులకేం, లేకపోయినా ఫరవాలేదులే" అని వాళ్ళు అంటారు, మనవలతో కొండలు చూడాలన్న ఆశతో. మనం ఆ మాట వినకూడదు. మెషిన్ నడవాలి, నడిచేలా మనమే లెక్క వేయాలి.

నలుగురో ఐదుగురో ఉన్న కుటుంబానికి అక్టోబరు రాత్రి ఒకటి లెక్క వేద్దాం. హీటరు ఫ్యాను ఏడున్నర ఆంపియర్లు. పది గంటల రాత్రిలో సగంసేపు తిరిగిందనుకుంటే సుమారు 38 ఆంపియర్-అవర్లు. సీప్యాప్ మెషిన్, అందులో నీళ్ళు వేడిచేసే హ్యూమిడిఫయర్‌తో సహా 4 ఆంపియర్లు, ఎనిమిది గంటలకి 32. సాయంత్రం ఎల్ఈడీ లైట్లకి 5. నీళ్ళ పంపు జోరుగా లాగుతుంది గానీ నడిచేది మొత్తం పావుగంటే కాబట్టి 2. ఫ్రిజ్ గ్యాసు మీద ఉన్నా దాని లోపలి సర్క్యూట్‌కి 6. గ్యాసు అలారంకి 2. నాలుగు ఫోన్ల ఛార్జింగ్‌కి 6. అన్నీ కూడితే 91. మన దగ్గరున్నది 80. చాల్లేదు!

ఇక్కడ చాలామంది ఇంకో బ్యాటరీ కొనడానికి పరుగెత్తుతారు. ఆగండి. లెక్కలో రెండు పెద్ద అంకెలే ఉన్నాయి, వాటినే పట్టుకుందాం. హ్యూమిడిఫయర్ వేడి ఆపితే మెషిన్ ఒకటిన్నర ఆంపియరుతో నడుస్తుంది, రాత్రికి 12 చాలు. అది ఆపొచ్చా లేదా అన్నది మాత్రం డాక్టరుగారిని ముందే అడగాలి. మనంతట మనం తేల్చుకునే విషయం కాదు. ఆపొచ్చంటే 91 కాస్తా 71 అవుతుంది. ఇక హీటరు థర్మోస్టాట్ 68 డిగ్రీల దగ్గర కాకుండా 58 దగ్గర పెట్టి, ఇంటి నుంచి మంచి రజాయిలు తెచ్చుకుంటే, ఫ్యాను రాత్రిలో సగం బదులు మూడోవంతు తిరిగిందనుకోండి, 38 కాస్తా 25. మొత్తం 58. పైసా ఖర్చు లేకుండా 91 నుంచి 58కి దిగాం. కొత్త బ్యాటరీ కంటే రెండు రజాయిలు చవక.

ఆ మెషిన్‌ని ఇన్వర్టరు ద్వారా నడపకండి. 12 వోల్టుల్ని 120 చేసి, మళ్ళీ మెషిన్ అడాప్టరు దాన్ని 24కో 12కో దించడం ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు. ప్రతి మలుపులోనూ కొంత వృథా. పైగా ఏ వస్తువూ తగిలించకపోయినా ఇన్వర్టరు తన కోసం తాను కొంత తింటూనే ఉంటుంది. మెషిన్ కంపెనీ అమ్మే డీసీ త్రాడు ఉంటుంది, అదే కొనండి. ఇంకా మంచి ఉపాయం, మాకు అన్నిటికన్నా నచ్చింది: పెద్దవాళ్ళ మెషిన్‌కి ప్రత్యేకంగా ఓ చిన్న పవర్ స్టేషన్. సూట్‌కేసు సైజులో లిథియం బ్యాటరీ పెట్టెలు ఇప్పుడు అన్ని దుకాణాల్లోనూ ఉన్నాయి. 500 వాట్-అవర్లది ఉంటే, రాత్రికి 144 చొప్పున సుమారు మూడు రాత్రులు నడుస్తుంది. అప్పుడు ఎవరో లైటు ఆర్పడం మర్చిపోయినా, హీటరు ఎక్కువ తిరిగినా, తాతయ్యగారి ఊపిరి వాటా ఎవరూ తినలేరు.

పాత ఆర్వీ అయితే లైట్లు కూడా చూసుకోవాలి. వెనకటి గాజు బల్బు ఒక్కోటి ఒకటిన్నర ఆంపియరు దాకా తింటుంది. ఎల్ఈడీ అందులో ఐదో వంతుతో అదే వెలుతురు ఇస్తుంది.

తిరిగి నింపడం

మొట్టమొదట, నిండు బ్యాటరీతో బయల్దేరాలి. సొంత ట్రైలర్ ఉన్నవాళ్ళు ముందు రోజు సాయంత్రమే అడాప్టరు పెట్టి ఇంటి గోడ ప్లగ్గుకి తగిలించండి. సీసం బ్యాటరీలో చివరి ఇరవై శాతం నిండటానికే గంటలు పడుతుంది. పొద్దున్నే లేచి గంటసేపు తగిలిస్తే సరిపోదు.

దారిలో ఇంజను కూడా నింపుతుంది. మోటార్ హోమ్ అయితే ఫ్రీమాంట్ నుంచి యోసెమిటీ దాకా నాలుగ్గంటల ప్రయాణంలో బాగానే నింపుతుంది. కారు వెనక లాగే ట్రైలర్‌కి మాత్రం సన్నటి తీగ గుండా కొద్ది ఆంపియర్లే అందుతాయి. ఆల్టమాంట్ కనుమ దగ్గర గాలిమరలు కనిపించగానే, "మన బండి మీద కూడా ఒకటి పెడితే?" అని పిల్లలు ప్రతిసారీ అడుగుతారు. మంచి ప్రశ్నే! బండి కదులుతున్నప్పుడు ఆ మర తిప్పే గాలి ఇంజను తోసుకుపోతున్న గాలే. మర ఎంత ఇస్తుందో అంతకంటే ఎక్కువ పెట్రోలు ఇంజను తాగుతుంది. ఊరికే వచ్చేదేమీ లేదు.

క్యాంపుకి చేరాక రెండు దారులు: జనరేటర్, సోలార్.

జనరేటర్ ఎప్పుడు వేయాలి? సాయంత్రం, చీకటి పడుతుంటే, అందరూ వంటకి దిగినప్పుడు వేయాలనిపిస్తుంది. మేమైతే పొద్దున వేస్తాం. బ్యాటరీ ఆకలి మీద ఉన్నప్పుడు గబగబా తింటుంది, కడుపు నిండే కొద్దీ నెమ్మదిస్తుంది, పసిపిల్లల్లాగే. రాత్రి 58 ఆంపియర్-అవర్లు ఖర్చయిన మన బ్యాటరీ, మంచి ఛార్జర్ ఉంటే, మొదటి గంటలో పాతికో ముప్ఫయ్యో పుచ్చుకుంటుంది, రెండో గంటలో పదిహేనో ఇరవయ్యో. ఆ తర్వాత ఎంతసేపు నడిపినా చెంచాడు చొప్పునే. అంచేత పొద్దున రెండు గంటలు జనరేటర్, మిగతా చెంచాడు పని రోజంతా తీరిగ్గా చేసే సోలార్‌కి. ఆ రెండు గంటల్లోనే ఫోన్లు, లాప్‌టాప్‌లు ఛార్జ్ చేసుకోండి, మైక్రోవేవ్ వాడుకోండి, కావలిస్తే రైస్ కుక్కర్ కూడా.

చిన్న జనరేటర్ తెచ్చుకునేవాళ్ళకి ఓ మాట. దాని మీద 12 వోల్టుల ప్లగ్గు ఒకటి కనిపిస్తుంది. బ్యాటరీ ఛార్జింగ్‌కే కదా అని దానికి తగిలిస్తే 8 ఆంపియర్లకి మించి రాదు, రోజంతా పడుతుంది. ఆర్వీ పెద్ద త్రాడునే జనరేటర్ 120 వోల్టుల ప్లగ్గుకి తగిలించండి. ఆర్వీ లోపలున్న కన్వర్టరు అంతకు నాలుగైదు రెట్ల వేగంతో నింపుతుంది. అద్దె మోటార్ హోమ్‌లో జనరేటర్ లోపలే ఉంటుంది. అది బండి ట్యాంకులోంచే ఇంధనం తాగుతుంది. పావు ట్యాంకు దగ్గరికి రాగానే ఆగిపోయేలా గొట్టం అమర్చి ఉంటుంది, మనం ఇంటికి తిరిగి రావాలి కదా! గంటల లెక్కన అద్దె వేసేవాళ్ళూ ఉన్నారు, ముందే అడగండి.

వేళలు కూడా చూసుకోవాలి. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో జనరేటర్ ఉదయం 10 నుంచి రాత్రి 8 దాకానే వేయొచ్చు. యోసెమిటీ లాంటి చోట్ల పగలు నిర్ణయించిన వేళల్లోనే. ఆ వేళలు మారుతుంటాయి కాబట్టి గేటు దగ్గరి బోర్డు చదవండి. పక్క సైట్లో టెంటు వేసుకున్నవాళ్ళు ఏటి చప్పుడు వినడానికి వచ్చారు, మన మోటారు చప్పుడు వినడానికి కాదు.

అన్నిటికన్నా ముఖ్యం: జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందరూ పడుకున్నాక జనరేటర్ నడపకూడదు. పొగ గొట్టం కిటికీల వైపు, పక్కవాళ్ళ టెంటు వైపు తిరిగి ఉండకూడదు. గొడుగు కిందనో గుడారం కిందనో పెట్టి నడపకూడదు. ఆర్వీ లోపలి అలారం పనిచేస్తోందో లేదో మొదటి రోజే మీట నొక్కి చూడాలి. "ఊరికే కుయ్యిమంటోంది" అని దాని తీగ పీకేయడం కంటే పెద్ద తెలివితక్కువ పని ఆర్వీలో ఇంకొకటి లేదు. చాలాసార్లు బ్యాటరీ దిగిపోతోందనీ చెప్పేది ఆ అలారమే.

ఇక సోలార్. 100 వాట్ల ప్యానెల్ మిట్టమధ్యాహ్నం 5 ఆంపియర్లు ఇస్తుంది. ఎండాకాలంలో, నెత్తి మీద చెట్టు లేకపోతే, రోజుకి 25 నుంచి 30 ఆంపియర్-అవర్లు. జాషువా ట్రీ ఎడారిలో ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది. అప్పర్ పైన్స్‌లో సరిపోదు. పేరులోనే ఉంది కదా పైన్స్ అని! పైగా లోయకి రెండు పక్కలా నిలువెత్తు బండలు, ఎండ ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్ళిపోతుంది. ప్యానెల్ మీద ఓ మూల కొమ్మ నీడ పడినా రావలసిన దాంట్లో చాలా భాగం పోతుంది. ఇలాంటి చోట పైకప్పుకి బిగించిన ప్యానెల్ కంటే, మడిచి పెట్టుకునే ప్యానెల్ నయం. పొడుగాటి, లావుపాటి తీగ పెట్టుకుని ఎండ ఎటు పోతే అటు జరపొచ్చు. సన్నతీగ అయితే దారిలోనే వోల్టులు తగ్గిపోతాయి. గంటగంటకీ ప్యానెల్ జరిపే ఉద్యోగం పిల్లలకివ్వండి. మా పిల్లలు ఆ పని కోసం పోట్లాడుకుంటారు.

మీటరు చదవడం

ఆర్వీ గోడ మీద నాలుగు చిన్న దీపాలతో బ్యాటరీ సూచిక ఉంటుంది. ఛార్జ్ అవుతున్నప్పుడు అది ఎప్పుడూ "నిండుగా ఉంది" అనే చెబుతుంది, దాన్ని నమ్మకండి. పది పదిహేను డాలర్ల మల్టీమీటరు చాలు. సీసం బ్యాటరీ అయితే, ఛార్జింగ్ ఆపి, అన్నీ కట్టేసి, కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చాక చూడాలి. 12.6, 12.7 వోల్టులుంటే నిండింది. 12.1, 12.2 దగ్గరుంటే సగం, ఇంక ఆగాలి. 11.9కి దిగితే అడుగు కనిపిస్తున్నట్టే. హీటరు తిరుగుతుండగా చూస్తే అంకె తక్కువే కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు.

లిథియం బ్యాటరీ సంగతి వేరు. ఎనభై, తొంభై శాతం దాకా వాడుకోవచ్చు, తేలిక, గబగబా నిండుతుంది. ధరలు కూడా ఈ మధ్య బాగా దిగివచ్చాయి. సొంత ట్రైలర్ ఉండి, సీసం బ్యాటరీ ఎలాగూ మార్చాల్సిన రోజు వస్తే, లిథియమే కొనుక్కోమంటాం. కన్వర్టరు దానికి సరిపోతుందో లేదో మాత్రం ముందే కనుక్కోండి. అయితే అది చివరిదాకా దాదాపు ఒకే వోల్టేజీ చూపిస్తుంది, మల్టీమీటరుతో ఎంత మిగిలిందో తెలియదు. వచ్చిన ఆంపియర్లనీ పోయిన ఆంపియర్లనీ లెక్కపెట్టే షంట్ మీటరు కావాలి. ఇంకొకటి, నీళ్ళు గడ్డకట్టే చలిలో, అంటే 32 డిగ్రీల కింద, దాన్ని ఛార్జ్ చేయకూడదు. లోపల పాడవుతుంది. మంచి బ్యాటరీలు తమంతట తామే ఛార్జింగ్ ఆపేసుకుంటాయి. డిసెంబరులో టాహో మంచు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. పొద్దున్నే జనరేటర్ వేసినా అంకె కదలకపోతే కారణం ఇదే కావచ్చు.

ఆర్వీ తీసుకునే రోజున అద్దె ఇచ్చేవాళ్ళని అడగాల్సినవి: ఇంటి బ్యాటరీ సీసమా లిథియమా, ఎన్ని ఆంపియర్-అవర్లు, ఎప్పుడు మార్చారు, ఇన్వర్టరు ఉందా, బ్యాటరీని విడదీసే స్విచ్ ఎక్కడుంది. జవాబు తడబడితే, ఆ బ్యాటరీ కాగితం మీద ఉన్నదాంట్లో మూడు వంతుల్లో రెండు వంతులే ఇస్తుందనుకుని లెక్క వేసుకోండి. కుదిరితే దూరం వెళ్ళేముందు ఒక రాత్రి డెల్ వాలేలో గడపండి. ఇల్లు అరగంట, నలభై నిమిషాల దూరమే. రాత్రి పడుకునేముందు ఓ అంకె, పొద్దున లేవగానే ఓ అంకె రాసుకుంటే, మేము పైన రాసిన 58 మీ ఇంటికి ఎంతో తేలిపోతుంది.

పెద్ద తరగతి పిల్లలకి ఓ లెక్క. ఓ కుటుంబం దగ్గర 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ ఒకటి ఉంది. అందులో 90 వాడుకోవచ్చు. రాత్రికి 58 ఖర్చవుతుంది, పగలు ఇంకో 10. జనరేటర్ లేదు. 100 వాట్ల ప్యానెల్ ఎండలో రోజుకి 28 ఇస్తుంది, చెట్ల కింద 9 ఇస్తుంది. శుక్రవారం సాయంత్రం నిండు బ్యాటరీతో జాషువా ట్రీకి చేరితే ఎన్ని రాత్రులు గడపగలరు? అదే అప్పర్ పైన్స్‌లో అయితే? జాషువా ట్రీలో రెండో రాత్రి హీటరు ఎంత తగ్గించుకుంటే ఆదివారం పొద్దున దాకా వస్తుంది? జవాబులు తెలుగు అంకెలతో రాసి, సెలవుల తర్వాత మొదటి తరగతికి తీసుకురండి.